రణమల్లుడి పళ్ళెం

నాగజెముళ్ళ లోయలో వెంటపడిన తోడేళ్ళ గుంపును వదిలించుకుని ఓబన్న, రాకుమారి హేమలేఖ వజ్రకూట నగరం తూర్పు ద్వారం చేరేసరికి ఎండ కోట బురుజుల మీదికి ఎక్కింది. హేమలేఖ పట్టుచీర లోయలోనే ఒక పొదలో ఉండిపోయింది. ఇప్పుడామె ముతక నూలుచీర కట్టి, కొంగు నడుముకు దోపి, చంకన ఇత్తడి గుండిగ పెట్టుకున్న వంటమనిషి నాగమ్మ. ద్వారం దగ్గర భటుడు ఆమెను ఎగాదిగా చూసి, ఇవి వంట చేసే చేతులేనా అని అడిగాడు. ఆర్నెల్లుగా అడవుల్లో మూడు రాళ్ళ పొయ్యి మీద వండుతున్న చేతులవి. ఆమె అరచేయి తిప్పి, గంజి పడి కాలిన మచ్చ చూపించింది. భటుడు పక్కకు తప్పుకున్నాడు.

లోపల నగరం కళ్ళు చెదిరేలా ఉంది. వీధులకు నల్లరాతి పలకలు, గోడలకు అభ్రకం కలిపిన సున్నం, ప్రతి మేడ మీదా గాలికి రెపరెపలాడే పదహారు రంగుల జెండాలు. నడినగరంలో వీరకంపన మహారాజు కట్టించిన మల్లరంగం. చుట్టూ వెయ్యి మెట్లు, మెట్టు మెట్టుకీ ఒక రాతి సింహం, సింహం నోట్లోంచి సాంబ్రాణి పొగ. మధ్యలో కుస్తీ పట్టే గోదా. పదకొండుసార్లు జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో నువ్వులనూనె, మజ్జిగ, పసుపు, పచ్చకర్పూరం కలిపి తొక్కించిన ఆ నేల ఎండకు దానిమ్మ గింజలా మెరుస్తోంది. గోదాకు పడమర వైపున, మబ్బుల్ని తాకుతూ గాజు బురుజు.

ఆ బురుజు పై గదిలో హేమలేఖ తండ్రి ఉన్నాడు. కుందనపురం రాజు సత్యకేతును ఏడేళ్ళ క్రితం విందుకని పిలిచి వీరకంపనుడు బంధించాడు. గాజు గోడల వెనక మనిషి కనిపిస్తాడు, మాట మాత్రం వినిపించదు. సైన్యంతో ఆ బురుజును గెలవడం ఎవరివల్లా కాలేదు. మిగిలిన దారి ఒక్కటే. ఏటా జరిగే మల్లోత్సవంలో గెలిచినవాడు ఏది కోరితే అది రాజు ఇవ్వాలి. నూరేళ్ళుగా ఏ రాజూ ఆ మాట తప్పలేదు. గెలిచి సత్యకేతును కోరుకోవడానికి ఓబన్న వచ్చాడు. అతను రాజపుత్రుడు కాడు. సముద్రం నుంచి కుందనపురానికి ఉప్పు మూటలు మోసేవాడు. ఒక ముసలి మల్లుడి దగ్గర ఏడాదిపాటు గోదా తవ్వి, మట్టి తొక్కి, పట్లు నేర్చుకున్నాడు.

మొదటి రోజు ఇద్దరు, రెండో రోజు పొద్దున్నే ఒకడు అతని చేతిలో వెన్ను నేలకు ఆనించారు. మొదటివాడు కొబ్బరిచెట్టంత పొడుగు, రెండోవాడు గానుగరోలంత లావు. మూడోవాడు కళ్ళల్లో మట్టి కొట్టబోయి తన కళ్ళల్లోనే కొట్టుకున్నాడు. మెట్ల మీది జనం ఉప్పోడా ఉప్పోడా అని కేకలు పెట్టారు. మొదట వెక్కిరింపుగా పెట్టారు. మూడో కుస్తీ అయ్యేసరికి అదే పిలుపు ముద్దుపేరైపోయింది.

ఇక మిగిలింది రణమల్లుడు. ఏడేళ్ళుగా ఓటమి ఎరగనివాడు.

ఆ ఉదయమే మల్లుల విడిదిలోకి రాజవైద్యుడు జటిలుడు వచ్చాడు. పేరుకు వైద్యుడు, పని మాంత్రికుడిది. మోకాళ్ళదాకా జడలు, జడల చివర చిన్న చిన్న వెండి డబ్బాలు, నడిచినప్పుడల్లా గలగలమని చప్పుడు. అతను ఒక కంచు గిన్నె తెచ్చి ఓబన్న ముందు పెట్టాడు. అందులో గుక్కెడు నల్లటి రసం. దానిపేరు సింహరసం అని, గోదాలో దిగే నలభైమంది మల్లులూ రోజూ తాగేది అదేనని, చట్టం వద్దంటుంది గానీ చట్టాన్ని ఎవరూ నిద్ర లేపరని చల్లగా చెప్పాడు. అందరూ తాగినప్పుడు అందరూ సమానమే కదా, తాగనివాడొక్కడే తక్కువవుతాడు, అందులో అన్యాయం ఎక్కడుంది అని అడిగాడు. ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"నెయ్యి తింటావు, పాలు తాగుతావు. అవీ బలానికేగా? ఇదీ అంతే అనుకో. తేడా ఏముంది?"

"నెయ్యి తినేవాడు తలుపేసుకుని తినడు వైద్యులవారూ," అన్నాడు ఓబన్న.

గిన్నె ఎత్తి రసాన్ని వాకిట్లో నేల మీద పారబోశాడు. జటిలుడు కోపం తెచ్చుకోలేదు. గిన్నె శుభ్రంగా కడిగి పంపించమని మాత్రం వంటమనిషికి చెప్పి వెళ్ళిపోయాడు. హేమలేఖ దాన్ని బూడిదతో తోమింది, చింతపండుతో తోమింది, ఇటుకపొడితో తోమింది. గిన్నె అడుగున రసం నిలిచినచోట సన్నని నీలం రంగు వలయం అలాగే ఉంది. కంచు మీద చింతపండుకు లొంగని మరకను ఆమె అదే మొదటిసారి చూడటం. ఉక్రోషం వచ్చి గిన్నెను పక్కన బోర్లించింది.

మధ్యాహ్నం పళ్ళెం మార్పు జరిగింది. వజ్రకూటంలో పాత ఆచారమది. ఎప్పుడో ఒక మల్లుడికి అన్నంలో విషం పెట్టారట. అప్పటినుంచి చివరి కుస్తీకి ముందు ఇద్దరు మల్లులూ పళ్ళేలు మార్చుకుంటారు. నా వంటమనిషి వండింది నువ్వు తినాలి, నీ వంటమనిషి వండింది నేను తినాలి. మెతుకు మిగల్చకూడదు. తిన్నవాళ్ళే పళ్ళెం తోమి తిప్పి పంపాలి. హేమలేఖ జొన్న సంగటి, ఉలవచారు, వెల్లుల్లి కారం చేసి రణమల్లుడికి పంపింది. రణమల్లుడి నుంచి నేతిలో ఈదుతున్న పెసర పులగం వచ్చింది.

ఆచారం ఉన్నా ఆమె నమ్మలేదు. విషం చూడటానికని కొనిపెట్టిన బాతుకు మూడు ముద్దలు పెట్టి, కుండెడు అన్నం ఉడికేంతసేపు దాని ఎదుటే కూర్చుంది. బాతు చావలేదు సరికదా, వెదురు గూడు పుల్లలు విరగ్గొట్టుకుని బయటికొచ్చి ఇద్దరు బల్లెం భటుల్ని వీధి చివరిదాకా తరిమింది. ఒక భటుడు బల్లెం పారేసి అరుగెక్కాడు. విడిదంతా పగలబడి నవ్వింది, ఓబన్న కూడా నవ్వాడు. మంచి శకునమని పళ్ళెం ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టాడు. హేమలేఖకూ అంతకుమించి ఏమీ తట్టలేదు. వాళ్ళు వెతికింది విషం కోసం. విషం కానిది ఏదైనా ఉంటుందని వెతికేవాళ్ళకు తోచలేదు.

నగారా మోగింది. రణమల్లుడు గోదాలోకి దిగాడు. ఆరడుగుల పైన జానెడు ఎత్తు, తలుపు రెక్కల్లాంటి భుజాలు, జుట్టు మాత్రం పూర్తిగా తెల్లబడిపోయింది. అతనికి ఇరవయ్యారేళ్ళని ఎవరూ అనుకోరు. ఇద్దరూ మట్టి తీసి నొసట పెట్టుకున్నారు. తొలి ఢీకి రాతి సింహాల నోళ్ళలోని పొగ చెదిరిందని తర్వాత జనం చెప్పుకున్నారు. రణమల్లుడు మెడపట్టు పట్టాడు, ఓబన్న విడిపించుకున్నాడు. నడుంపట్టు పట్టాడు, ఓబన్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పేశాడు. ఒంట్లో ఎక్కడో కొలిమి రాజుకున్నట్టుంది. చెవుల్లో సముద్రం. లోయలో తగిలిన తోడేలు పంటిగాటు నొప్పి ఏమైందో తెలియదు. తనేం చేస్తున్నాడో తెలిసేలోపల ఓబన్న రణమల్లుణ్ణి నడుము దగ్గర పట్టి తలపైకి ఎత్తి, ఒక చుట్టు తిప్పి, మట్టిలో వెల్లకిలా పడేశాడు.

వెయ్యి మెట్లూ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. జెండాలు విసిరారు, పూలు విసిరారు, ఒకావిడ తన చేతిలోని విసనకర్ర విసిరింది. వీరకంపనుడు సింహాసనం దిగి వచ్చి బంగారు కడియం ఓబన్న చేతికి తొడిగాడు. ఒంటికి అంటిన మట్టి కడుక్కుని రా, అప్పుడు నీ కోరిక అడుగు అన్నాడు. మట్టి ఒంటితో కోరిక అడగకూడదని నియమం.

ఓబన్న స్నానాల వాకిట్లో నీళ్ళ తొట్టి పక్కన కూర్చున్నాడే గానీ చెంబు ముట్టలేదు. హేమలేఖ వచ్చేసరికి తన రెండు అరచేతులూ చూసుకుంటున్నాడు.

"రాకుమారీ, రణమల్లుడు ఎంత బరువుంటాడు?"

"నాకేం తెలుసు?"

"మూడు ఉప్పు మూటలుంటాడు. పదేళ్ళు మోశాను. నాకు రెండు మూటలే బరువు. మూడోది ఎత్తితే మోకాళ్ళు తప్పుతాయి. ఇవాళ తప్పలేదు."

ఆమె కొంగు చాటునుంచి రణమల్లుడి కంచు పళ్ళెం తీసి అతని ముందు పెట్టింది. పక్కనే జటిలుడి గిన్నె పెట్టింది. గిన్నె అడుగున ఉన్న నీలం వలయం, పళ్ళెంలో నెయ్యి నిలిచినచోట కూడా ఉంది. బాతు సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

"ఈ పళ్ళెం పంపించేసి ఊరుకోవచ్చు కదా మీరు," అన్నాడు ఓబన్న. "మీ నాన్నగారు..."

"ఇక్కణ్ణుంచి కూడా కనిపిస్తున్నారు. ఆ మాట ఎత్తకు."

"మరక పోయుంటే ఎవరికీ తెలిసేది కాదు."

"తోమింది నేను. నాకు తెలిసేది." ఆమె పళ్ళెం, గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "కోరిక అడిగేది నువ్వు. ఏం అడుగుతావో నేను చెప్పను."

అతను మట్టి కడుక్కోలేదు. ఆ ఒంటితోనే లేచి, కడియం తీసి చేతబట్టుకుని రాజు ముందుకు నడిచాడు. ఆమె రెండడుగులు వెనకగా పళ్ళెం, గిన్నె పట్టుకుని నడిచింది. ఏడేళ్ళుగా ఆమె ఎదురుచూసిన రోజు ఇదే. దాన్ని తన చేతులతోనే మోసుకెళ్ళి వెనక్కి ఇచ్చేస్తోంది. అయినా ముందు నడుస్తున్న ఆ మట్టి వీపును చూస్తుంటే, ఎందుకో తల దించబుద్ధి కాలేదు.

"ప్రభూ, ఈ గెలుపు నాది కాదు," అన్నాడు ఓబన్న. "నా కడుపులో సింహరసం ఉంది. నాకు తెలియకుండా పడింది. కానీ ఉంది."

కడియం మెట్టు మీద పెట్టాడు.

రాజు తన ఉంగరం వైపు చూసుకున్నాడు. ఆ పేరు అతను మొదటిసారి వింటున్నట్టు లేదు. ఇంతమంది ఎదుట మొదటిసారి వింటున్నాడు, అంతే. జటిలుడు తొందరగా ముందుకొచ్చాడు. నేరం మల్లుడి నోటే బయటపడిందని, రసం ముట్టినవాడి కుడి మణికట్టు విరవాలని చట్టం చెబుతోందని గుర్తుచేశాడు. ఇద్దరు భటులు ఓబన్న చేయి పట్టి చాచారు. ఇనుప గూటం కూడా వచ్చింది. ఓబన్న చేయి లాక్కోలేదు. హేమలేఖ గబగబా మెట్లెక్కి పళ్ళెం, గిన్నె రాజు పాదపీఠం మీద పెట్టి, పళ్ళెం ఎవరింటినుంచి వచ్చిందో, గిన్నె ఎవరిదో చెప్పింది.

గూటం గాల్లో ఉండగానే, గోదా అంచున కూర్చున్న రణమల్లుడు లేచాడు. భటుడి చేతిలోంచి గూటం తీసి కింద పెట్టాడు.

"కలిపింది నేను," అన్నాడు.

అతను మాటకారి కాడు. ఆగి ఆగి చెప్పాడు. నిరుడు ఇదే గోదాలో తన పట్టుకు పంతొమ్మిదేళ్ళ కుర్రాడి నడుము విరిగిందట. రసం తలకెక్కి ఉండటంవల్ల అది విరిగిన చప్పుడు కూడా అతనికి వినిపించలేదు. ఆ కుర్రాడు ఇవాళ్టికీ మంచం మీదే ఉన్నాడు. ఉప్పు మోసేవాడు రసం పారబోశాడని పొద్దున తెలిసింది. తాగినవాడికీ తాగనివాడికీ కుస్తీ పడితే ఏమవుతుందో తెలిసినవాడు కాబట్టి, తన వంతు రసంలో సగం పులగం నేతిలో కలిపి పంపాడు.

"నా చేతుల్లో నువ్వు చావకూడదనుకున్నాను, తమ్ముడూ."

ఓబన్న అతని వైపు తిరిగాడు.

"మంచికే చేశావన్నా. కానీ నన్ను అడగలేదు."

"నన్నూ ఎవరూ అడగలేదు," అన్నాడు రణమల్లుడు. "నా పందొమ్మిదో ఏట పాలల్లో పోశారు. అవి పాలే అనుకున్నాను. తర్వాత అది లేకుండా నిలబడలేకపోయాను. ప్రభూ, ఏడు కడియాలు ఇచ్చారు. ఒక్కటీ నాది కాదు. ఇతనితో ఒక్క కుస్తీ ఇప్పించండి. రసం లేకుండా. గెలిస్తే నేను గెలవాలి, పోతే నేను పోవాలి."

పై మెట్లలో ఎవరో ఔను అన్నారు. ఆ మాట మెట్టు మెట్టూ దిగి కిందికొచ్చేసరికి హోరైంది. వీరకంపనుడికి గర్వం ఎక్కువ, తన గోదా అంటే ఇంకా ఎక్కువ. దాన్ని జనం అనుమానంగా చూడటం అతను భరించలేడు. రసం ఒంట్లో మూడు జాములకు మించి నిలవదని రణమల్లుడు చెప్పాడు గనక, శిక్షల మాట పక్కనపెట్టి, మర్నాడు సూర్యోదయానికి మళ్ళీ కుస్తీ అని ప్రకటించాడు. ఇద్దరూ ఒకే కుండలోది తినాలి. వండేది నాగమ్మ. జటిలుణ్ణి అతని వైద్యశాలలోనే కాపలా పెట్టి ఉంచాలి.

తెల్లవారుతుండగా హేమలేఖ ఇద్దరికీ ఎదురెదురుగా విస్తళ్ళు వేసింది. వేడి సంగటి, ఉప్పు, మజ్జిగ. ఇంకేమీ లేదు. ఓబన్న కళ్ళు పీక్కుపోయాయి. రసం దిగిన ఒళ్ళు తడిగుడ్డలా వేలాడుతోంది. రణమల్లుడి పరిస్థితి ఇంకా అన్యాయం. చేయి వణికి ముద్ద నోటిదాకా పోవటం లేదు. ఆమె ముద్దలు చిన్నవి చేసి విస్తరి అంచున పెట్టింది. అతను తలెత్తి నవ్వి, ఏడేళ్ళలో రుచి తెలిసి తినడం ఇవాళే తల్లీ అన్నాడు.

ఓబన్న చేయి కడుక్కోవడానికి లేచి వెళ్ళాడు. అక్కడ వాళ్ళిద్దరే మిగిలారు. నేనెవరో తెలుసా అని ఒక్క మాట చాలు. నువ్వు గెలిస్తే మా నాన్నను అడుగు అని ఇంకొక్క మాట. ఇతను కాదనడు. అడిగితే బహుశా ఓడిపోతాడు కూడా. మంచివాడు, మెత్తనివాడు. ఆమె గరిటె పట్టుకుని నిలబడింది. ఆ మాట చెబితే అదీ అతని విస్తట్లో వేసిన చుక్కే అవుతుంది. ఏడేళ్ళ తర్వాత తన ఒంటితో గోదాలో దిగబోతున్నవాడి ముందు ఆమె గరిటె కుండలో పెట్టి, మజ్జిగ ఇంకా కావాలా అని అడిగింది.

రెండో కుస్తీలో మెరుపుల్లేవు. ఉరుములు లేవు. ఇద్దరు అలిసిన మనుషులు ఒకరి భుజం మీద ఒకరు తలలు ఆనించి, ఎడ్లు బురదలోంచి బండి లాగినట్టు తోసుకున్నారు. ఓబన్న ఒకసారి జారి మోకాలిమీద పడ్డాడు. లేచాడు. రణమల్లుడి కాళ్ళు రెండుసార్లు వణికాయి, జనం ఊపిరి బిగబట్టారు. ఓబన్న దొరికిందనుకుని బలమంతా పోగుచేసి ముందుకు తోశాడు. రణమల్లుడు ఆ తోపుకు ఎదురు తొయ్యలేదు. బలం ఉన్నన్నాళ్ళూ అవసరం పడని ఒక పట్టు, చిన్నప్పుడు తండ్రి నేర్పిన తామరతూడు పట్టు, అతని వేళ్ళకు ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది. పక్కకు ఒరిగి, ఓబన్న మణికట్టును తూడు తుంచినంత సుతారంగా తిప్పాడు. ఓబన్న తన ఊపుకు తనే తిరిగి వెల్లకిలా పడ్డాడు. వెన్ను నేలకు ఆనింది.

ఎవరూ కేక పెట్టలేదు. కింది మెట్లలోని ముసలి మల్లులు లేచి నిలబడ్డారు, ఒక్కొక్కరే. రణమల్లుడు తన చేతుల్ని తనే నమ్మలేనట్టు చూసుకుంటూ గోదా మధ్యలో కూర్చుండిపోయాడు. ఓబన్న మట్టిలోంచి లేచి, అతని చేయి పట్టి లేపి, ఆ చేతిని పైకెత్తి నాలుగు దిక్కులకూ చూపించాడు. అప్పుడు మోగింది మల్లరంగం.

మట్టి కడుక్కుని వచ్చిన రణమల్లుణ్ణి కోరిక అడగమన్నాడు రాజు. హేమలేఖ పంటి బిగువున నిలబడింది. రణమల్లుడు ఎక్కువసేపు ఆలోచించలేదు. సింహరసం కాచే కాగు పగలగొట్టించాలని, మిగతా మల్లులందరికీ దాన్నుంచి విడుదల ఇప్పించాలని, రసం మానినవాణ్ణి కొలువునుంచి తీసేయకూడదని కోరాడు. రాజు మాట ఇచ్చాడు. ఓబన్న తల తిప్పి హేమలేఖను చూశాడు. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి గానీ, తల ఊపి, సరిగ్గానే అడిగాడు అంది.

భటులు గునపాలతో వైద్యశాల తలుపు బద్దలుకొట్టారు. లోపల కాగు సలసల కాగుతోంది. దాని పక్కన జటిలుడు జడల చివర డబ్బాలన్నీ విప్పి ఒక్కసారిగా అందులో వంచాడు. కప్పు పగిలింది. నల్లటి పొగలోంచి ఏనుగంత గద్ద రెక్కలు విదిలించుకుంటూ పైకి లేచింది, దాని మెడ మీద జటిలుడు. మల్లరంగం మీద ఒక చుట్టు తిరిగి ఉత్తరానికి మళ్ళింది. ముంచుకొచ్చిన నీడకు ఏనుగులు గొలుసులు తెంచుకున్నాయి. ఆ గందరగోళంలో భటుల నాయకుడు పరిగెత్తుకొచ్చి రాజు కాళ్ళ మీద పడ్డాడు. వైద్యశాలలో దాచిన గాజు బురుజు తాళంచెవి జటిలుడి మొలలో ఉందట. అది లేకుండా ఆ తలుపు తెరవడం రాజు వల్ల కూడా కాదట.

హేమలేఖ, ఓబన్న ఒకరినొకరు చూసుకున్నారు. మెట్లు దిగి పరుగెత్తారు.

వజ్రకూటంలో గెలిచిన మల్లుడు తూర్పు ద్వారంలోంచి బాజాలతో పోతాడు. ఓడినవాళ్ళకు ఉత్తరపు దిడ్డి వాకిలి. అక్కడ తాటాకుల కట్ట పట్టుకున్న ఒక ముసలి కాపలాదారు ఉంటాడు. గద్ద లేచినా, కోట కూలినా తన పని తనదే అన్నట్టు దారికి అడ్డంగా చేయి పెట్టి పేరు అడిగాడు.

"ఓబన్న. ఉప్పు మోసేవాణ్ణి."

"ఎవరి చేతిలో ఓడావు?"

"రణమల్లుడి చేతిలో. నా బలంతో నేనే ఓడాను. అదీ రాసుకో తాతా."

"అలాంటిది రాసే ఆచారం లేదు," అన్నాడు ముసలాయన. గంటం పట్టుకుని అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. ఆ వాకిట్లోంచి అంత నిటారుగా పోయినవాణ్ణి అతనెప్పుడూ చూడలేదు. కాసేపాగి, రాశాడు.

వెనకనుంచి డెక్కల చప్పుడు. మూడు గుర్రాల కళ్ళేలు పట్టుకుని రణమల్లుడు వస్తున్నాడు. గెలిచినవాడు ఈ దారిన పోకూడదని కాపలాదారు గొణుగుతున్నా వినిపించుకోలేదు. జటిలుణ్ణి పట్టాలంటే వాడు వేర్లు తవ్వి తెచ్చుకునే కొండ తెలియాలి, అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అన్నాడు. అతని చేతులు వణికి జీను పటకా ముడి పడటం లేదు. హేమలేఖ వెళ్ళి ముడి వేసింది. వేస్తూ తనెవరో, బురుజులో ఉన్నది ఎవరో, ఓబన్న ఏ కోరిక కోసం వచ్చాడో చెప్పేసింది.

రణమల్లుడి ముఖం పాలిపోయింది. "పొద్దున ఒక్క మాట చెప్పకపోయావా తల్లీ."

"చెబితే నీ పట్టు సడలేది."

అతను అబద్ధమాడలేకపోయాడు. "సడలేది," అన్నాడు. తర్వాత వీపు నిటారు చేసుకుని గుర్రం ఎక్కాడు.

ముగ్గురూ దిడ్డి వాకిలి దాటి రాళ్ళ మైదానంలోకి దూకించారు. ఎండ మండుతోంది. చాలా దూరాన, ఆకాశానికి ఆనుకుని రణమల్లుడు చెప్పిన ఆ నల్లకొండ. గద్ద ఆ కొండ శిఖరం మీద వాలి రెక్కలు ముడవడం వాళ్ళకు స్పష్టంగా కనిపించింది. మరుక్షణం కొండ చరియల్లోంచి బండలు దొర్లాయి. రెండు గుహలు కనురెప్పల్లా తెరుచుకున్నాయి. నల్లకొండ భుజాలు విదిలించుకుని మైదానం మీద లేచి నిలబడింది.

గుర్రాలు బెదిరి సకిలించాయి. ఓబన్న కళ్ళెం బిగించి, మట్టి ఇంకా వదలని చేత్తో గుర్రం మెడ నిమిరి, దాన్ని కొండకేసి నేరుగా ఉరికించాడు.